సాయంకాలపు తరగతి

దీపములు పెట్టినపిమ్మట గంటసేపును, ఆదివారమునాడు రెండు గంటలును ఏదేని చేతిపని నేర్వవలెనని మా సోదరీమణులు పలువురు కోరుచున్నారు. కోరిక మంచిదే. పూసలు గ్రుచ్చుట ఎచటనైనను నేర్పుదురు. మేము నల్లగొండ సీమలోని పోచంపల్లి చిటికిపనిని గూర్చి చెప్పదలచితిమి.

అచట నేయకమునుపే నూలునకు కట్లు కట్టి రంగులో ముంచుదురు, కట్టినచోట రంగంటదు. పేకనూలునకు కట్లకంటె ముందు ఆసుపోత కలదు. అరవంపు చట్టమునకు దిగగొట్టిన మేకులచుట్టు పోగును త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి వేలమారులు ఇటునటు ఆడవలెను; నాలుగైదు గంటలు పట్టును. ఇది తరతరములుగా ఆడువారి పాలబడినది. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారి భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి ఆమె పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించెను.

అయినను నేతపని యనగానే మగ్గముపై గూర్చున్న పురుషునే తలతుము. ఆసుపోసిన యామెను కళావతి యని యెవరందురు? తరగతులు పెట్టువారికి మా మనవి యొకటి: ముగ్గు గీయువారితోపాటు ఆసుపోయు ముసలమ్మకును పీట వేయుడు, ఉపాధ్యాయునితో సమముగా జీతమిండు.

నేర్చుకొనువారు మొదటి నెల రంగుజోలికి పోవలదు. (రంగులకై తొందరపడుట మాకును తెలిసినదే.) కట్టు బిగించుట నేర్వుడు, అది వదులైనచో రంగు లోనికి చొచ్చి పువ్వు చెదరును.