లేఅవుటు కాగితంలో మన పల్లె ఎక్కడ?

ఊరి చివర నాలుగెకరాల చెక్కను ప్లాట్లు చేస్తామని ఎవరో పంచాయతీలో దరఖాస్తు పెడతారు. కొద్దిరోజులకి హద్దురాళ్ళు లేస్తాయి, రంగు జెండాలు లేస్తాయి. అది భూమిగలాయనకీ పంచాయతీకీ మధ్య వ్యవహారం, మనకెందుకులే అని మనవాళ్ళు అనుకుంటున్నారు. ఊరి చివర అంటే ఎక్కడ? మన పల్లె వున్న చోటే కదా!

ఊరు కూడా ఒక లేఅవుటే. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో, ఎవరి బావి ఎక్కడుండాలో, ఏ వైపు గాలికి ఎవరు దూరంగా వుండాలో చూసుకుని కులం గీసిన ప్లాను అది. మెరక వాళ్ళకి, పల్లం మనకి. దాని మీద మీ అభ్యంతరం ఏమిటని మన తాతల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అదే ఊరిని మళ్ళీ కాగితం మీద గీస్తున్నారు. ఈసారి అడగడానికి చట్టంలో చోటుంది. ఆ చోటు మనం వాడుకోవాలి.

మా మండలంలో వచ్చిన ఒక ప్లానుని మేం నలుగురం కూర్చుని చూశాం. నలభై అడుగుల రోడ్డు, చెట్ల బొమ్మలు, నంబర్లేసిన ప్లాట్లు అన్నీ వున్నాయి. పక్కనే వున్న మాదిగపల్లె మాత్రం లేదు. ఆ చోట వట్టి తెల్లకాగితం. పల్లె నుంచి శ్మశానానికి పోయే దొంక కూడా లేదు. దాని మీద రెండు ప్లాట్లు పడ్డాయి. చేనుని మెరక చేశాక వాననీరు ఎటుపోవాలి? నీరు పోయే దిక్కు చూపే బాణం కాగితం అంచుదాకా వచ్చి ఆగిపోయింది. ఆ అంచు అవతల వున్నవి మనవాళ్ళ ఇళ్ళు!

అందుకే ఫైలు పంచాయతీలో వున్నప్పుడే నాలుగు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, అది ఏ భూమి? డి.పట్టా భూమి అమ్మినా కొన్నా చెల్లదని 1977 చట్టం చెప్పింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని మార్చి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూములకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. ఆ హక్కుతో లాభపడింది పట్టా పొందిన కూలీయా, ముందే చేతికాగితం రాయించుకుని కూచున్న ఆసామా? సర్వే నంబరు పట్టుకుని ఆ భూమి చరిత్ర తిరగెయ్యాలి.

రెండు, దొంకా శ్మశానం దారీ ఏమవుతున్నాయి? దళితుల్ని శ్మశానానికో, ఉమ్మడి దారికో పోనీకుండా అడ్డుకోవడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలో ఆ మాట స్పష్టంగా వుంది.

మూడు, మురుగూ వాననీరూ ఎటు? డ్రైను ఎక్కడ కలుస్తుందో చూపని ప్లానుకి తీర్మానం చెయ్యొద్దు.

నాలుగు, పదో వంతు ఎక్కడ? 2002 గ్రామపంచాయతీ లేఅవుటు నిబంధనల ప్రకారం పదిశాతం ఖాళీ స్థలం వదలాలి, పంచాయతీకి రాసివ్వాలి. నాలుగెకరాల్లో అది 40 సెంట్లు. అది ప్లాట్లు కొన్నవాళ్ళ సొంతం కాదు, ఊరిది. ఊరంటే మన పల్లె కూడా. అక్కడ ఆడుకునే హక్కు మన పిల్లలకీ వుంది. చుట్టూ గోడ కట్టి గేటు పెడితే అది పాత వెలివాడకి కొత్త పేరే.

అదే ప్రభుత్వం మనకి ఇచ్చింది ఎంత? 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పల్లెటూళ్ళ పేదలకి ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర. అంటే 72 గజాలు. పక్కన లేఅవుటులో ప్లాటు 200 గజాలు!

అనుమతి లేకుండా ప్లాట్లు వేసినవాళ్ళకి ఏమైంది? రుసుం కట్టించుకుని క్రమబద్ధం చేసే నిబంధనలు 2007 చివర్లో వచ్చాయి, 2020లో వచ్చాయి, 2025లో మళ్ళీ వచ్చాయి. డబ్బున్నవాడి తప్పుకి రసీదు, లేనివాడి గుడిసెకి పొక్లెయినా? 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమంది. మినహాయింపుకి చెప్పిన ఉదాహరణల్లో భూమిలేని కూలీలకీ ఎస్సీ ఎస్టీలకీ ప్రభుత్వం ఇచ్చిన స్థలాలున్నాయి, బడీ ఆసుపత్రీ వున్నాయి. ప్లాట్ల వ్యాపారం లేదు.

ఇలా అడిగితే అభివృద్ధికి అడ్డమంటారు. ప్లాట్లు వెయ్యొద్దని మనం అనడంలేదు. మన కుర్రాళ్ళకి అక్కడ తాపీపని దొరుకుతుంది, రేపు మనలో ఒకరిద్దరు ప్లాటూ కొనొచ్చు. మన శవం పోయే దారి మూసి, మన గడపల్లోకి నీళ్ళు వదిలి చేసేదాన్ని అభివృద్ధి అనొద్దంటున్నాం, అంతే.

రిజర్వేషన్ మీద గెలిచిన మన సర్పంచులకీ, వార్డు మెంబర్లకీ ఒక మాట. 1994 పంచాయతీరాజ్ చట్టంతో మన చేతికి వచ్చిన సంతకం అది. ఆసామి అరుగు మీద కూచుని పెట్టే సంతకం కాదు. సాంకేతిక అనుమతి టౌన్‌ప్లానింగ్ వాళ్ళదని తప్పుకోవద్దు. ఆ ఆఫీసరుకి దొంక కనపడదు, మీకు కనపడుతుంది.

చెయ్యాల్సింది ఇది. ఫైలు సంగతి తెలియగానే ప్లాను నకలు అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకి ఊళ్ళో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు. జవాబుకి 30 రోజుల దాకా పట్టొచ్చు, అందుకని అభ్యంతరం ముందే రాసివ్వండి. నోటిమాట చాలదు. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. గ్రామసభకి ఆడవాళ్ళతో సహా పోండి. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో గోడమీద మరక చూపించి చెప్పగలిగేది వాళ్ళే.

తరతరాలుగా ఊళ్ళో దండోరా వేసింది మనవాళ్ళు. ఇవాళ గ్రామసభ దండోరా మన పల్లెకే వినపడటంలేదు. పల్లెలో చాటించని సభ చేసిన తీర్మానాన్ని ఒప్పుకోమని మనమే దండోరా వేద్దాం. మన పల్లె గీత లేని ప్లాను మీద మన సంతకం పడకూడదు!