ఫ్యూయల్ చార్జీ మీద విచారణ సూరత్‌లో పెట్టాలి

భేస్తాన్, పాండేసరా, ఉధ్నా, సచిన్‌లలో సాంచాలు నడిపే, అద్దకం మిల్లుల్లో పనిచేసే తెలుగు అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా!

కరెంటు బిల్లు సేటు సంగతి, మనకెందుకు అనుకోకండి. మీటరు బట్టకు ఇంత అని ఇచ్చే కూలి పెంచమన్నప్పుడల్లా మన ముందు పడేసేది ఆ కాగితాన్నే. ఒకసారి అడిగి చదవండి. ఎనర్జీ చార్జీ అని ఒక వరస ఉంటుంది. 100 కేవీఏ, ఆపైన తీసుకునే హెచ్‌టీ కార్ఖానాకు అది యూనిట్‌కు సుమారు 4 రూపాయల నుంచి 4.30 దాకా. ఆ కింద ఫ్యూయల్ చార్జీ. 2023 చివర్లో అది యూనిట్‌కు 3.35 ఉండేది, 2024 చివరికి 2.45కు దిగింది. దిగాక కూడా అసలు రేటులో సగం దాటే ఉండింది!

బొగ్గు, గ్యాసు, బయట కొన్న కరెంటు ధరలు మారితే ఆ తేడా రాబట్టుకోవడానికి పెట్టిన పద్దు ఇది. ఏళ్లుగా రెండు రూపాయల పైనే ఉన్నదాన్ని తేడా అంటే ఎలా ఒప్పుకుంటాం? రేటు మార్చాలంటే 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ కింద ప్రకటన ఇవ్వాలి, జనం అభ్యంతరాలు వినాలి, విద్యుత్ నియంత్రణ కమిషన్ 120 రోజుల్లో తేల్చాలి. ఫ్యూయల్ చార్జీలో అధిక భాగాన్ని ఆ విచారణకు పెట్టి అసలు రేటులో కలపాలి. మిగిలిన తేడాకు ఒక హద్దు ఉండాలి. ఆ తేడా ఎంత అనేది ముందు నెలలోనే చెప్పాలి.

నెలకు 50 వేల యూనిట్లు కాల్చే కార్ఖానానే తీసుకోండి. అలా 90 పైసలు తగ్గితే సేటుకు నెలకు 45 వేలు మిగులుతాయి. మీ మీటరు కూలిలో పైసా అయినా పెరిగిందా? చిన్న సేట్లదీ ఒక ఇబ్బంది ఉంది, కాదనను. జాబ్‌వర్క్ రేటు ముందే ఖాయమవుతుంది, చార్జీ తర్వాత మారుతుంది. సొంత సోలార్, గాలిమరలు పెట్టుకుని దాన్నుంచి బయటపడే స్తోమత ఎక్కువగా పెద్ద మిల్లులకే ఉంది.

గుజరాత్ విద్యుత్ నియంత్రణ కమిషన్ ఉన్నది గాంధీనగర్‌లో. రోజు కూలి వదులుకుని అంత దూరం ఎవరు పోతారు? ఆంధ్రప్రదేశ్ కమిషన్ విశాఖలో, విజయవాడలో, తిరుపతిలో విచారణలు పెట్టింది. అక్కడ మనవాళ్లు తెలుగులోనే మాట్లాడారు. ఇంత కరెంటు కాల్చే సూరత్‌కు ఆ మాత్రం హక్కు లేదా? ఇక్కడ విచారణ పెట్టాలి, హిందీ, ఒడియా, తెలుగు మాటలు కూడా వినాలి.

మన కార్ఖానాలకు కరెంటు ఇచ్చే దక్షిణ్ గుజరాత్ విజ్ కంపెనీ టారిఫ్ ప్రకటన పేపర్లో రాగానే గడువు తేదీ చూసుకోండి. మీ కార్ఖానా బిల్లు నకలు, నిరుటి, ఈ ఏటి మీటరు కూలి రాసిన చీటీ జతచేసి కమిషన్‌కు అభ్యంతరం పంపండి. రాయడం రానివాళ్లకు పక్కవాళ్లు రాసిపెట్టండి, సంతకం మాత్రం ఎవరిది వాళ్లే పెట్టాలి.