పటములోని పట్టణము - స్మృతిలోని పల్లె

లోకములోని ఊళ్లు స్థూలముగా రెండు విధములు. కొన్ని చెట్లవలె పెరిగినవి. కొన్ని ఇండ్లవలె కట్టబడినవి. ఏటి రేవు, బాటల కూడలి, దేవళము, సంత - వీనిలో ఏదో ఒకదానిని ఆశ్రయించి గుడిసె ప్రక్కన గుడిసెగా తరతరములు విస్తరించిన ఊరు మొదటి తెగకు చెందినది. ముందు పటము గీచి, వీధులు కొలిచి, పిమ్మట జనమును పిలిచిన ఊరు రెండవ తెగకు చెందినది. మొదటిదానికి పుట్టిన తేదీ ఉండదు; రెండవదానికి ఉండును. నేడు గోదావరి తీరమున, ఖమ్మం భద్రాచలం అడవుల సరిహద్దున, మొదటి తెగకు చెందిన పల్లెలు వందల సంఖ్యలో రెండవ తెగకు చెందిన పునరావాస కాలనీలుగా మారుచున్నవి. ఈ మార్పును గూర్చి ముంపు, పరిహారము, అడుగులు, కోట్లు అను మాటలే తరచుగా వినవచ్చుచున్నవి. ఊరు అనగా నేమి, అది దేనివలన బ్రతుకును అను ప్రశ్న వెనుకబడినది.

ఈ ప్రశ్నను విచారించుటకు ఐరోపాలోని ఒక చిన్న పట్టణము అక్కరకు వచ్చును. పోలెండు దేశపు ఆగ్నేయ భాగమున జామోష్చ్ అను ఊరు కలదు. 1580లో ఆ రాజ్యమునకు ఛాన్సలరుగా నుండిన యాన్ జామోయ్‌స్కీ దానిని స్థాపించెను. ఆయన యౌవనమున ఇటలీలోని పాదువాలో చదివినవాడు. ఆ పాదువాకే చెందిన బెర్నార్డో మొరాండో అను వాస్తుశిల్పి చేత పటము వేయించి, నాటి ఇటలీ పండితులు ఊహించిన ‘ఆదర్శ నగరము’ను తన భూములపై నిలిపెను. ఆ పటము మానవ శరీరమును పోలినదని చెప్పుదురు: ప్రభువు భవనము శిరస్సు, ప్రధాన వీధి వెన్నెముక. నడుమ నూరు మీటర్ల పొడవు, నూరు మీటర్ల వెడల్పు గల అంగడి చౌకము. దాని అంచున ఎత్తైన గోపురముతో పురమందిరము. చుట్టును కమానుల వసారాలు గల ఇండ్లు. వీని కన్నింటికి వెలుపల కోటగోడలు. నేటి యాత్రికుడు ఆ చౌకములో నిలిచినచో నాలుగు వందల యేండ్ల నాటి గీతలు చెక్కుచెదరక యుండుట చూచి ఆశ్చర్యపడును. 1992లో యునెస్కో ఆ పాత పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

అయితే ఆ ఊరికి ప్రాణము పోసినవి గీతలు మాత్రమే కావు. పశ్చిమోత్తర ఐరోపాను నల్లసముద్రముతో కలుపు వర్తక మార్గముపై జామోయ్‌స్కీ తన పట్టణమును నిలిపెను. అర్మేనియనులకు, యూదులకు, గ్రీకులకు నివాస హక్కులిచ్చి, వ్యాపారము చేసికొననిచ్చి, ఎవరి ప్రార్థనాలయమును వారు కట్టుకొననిచ్చెను. 1594లో ఒక విద్యాపీఠము నెలకొల్పెను. అనగా బాట, బ్రతుకుతెరువు, బడి, గుడి - ఈ నాలుగును పటముతో పాటు వచ్చినవి. అందువలననే కాగితముపై పుట్టిన ఊరు నిజమైన ఊరైనది.

ఆ పట్టణ చరిత్రలో మరియొక అధ్యాయము కలదు. దానిని తలపనివాడు ఆ ఊరిని సగమే చూచినవాడగును. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు అచ్చటి జనాభాలో సగమునకు చేరువగా యూదులు ఉండిరి. యిద్దిషు సాహిత్యములో పెద్దపేరైన పెరెట్స్ 1852లో జన్మించినది ఆ ఊరిలోనే. 1942లో నాజీలు ఆ యూదులను బెల్జెట్స్ మొదలగు మరణ శిబిరములకు పంపిరి. ఆ యేడే చుట్టుప్రక్కల పోలిష్ పల్లెలను ఖాళీచేయించి అచ్చట జర్మనులను దింపు ప్రయత్నము మొదలైనది. 1943 వరకు సాగిన ఆ కాండలో సుమారు 300 గ్రామముల నుండి లక్షకు పైగా జనము గెంటివేయబడిరి. ఊరికి హిమ్లరు పేరు పెట్టు యత్నము కూడ జరిగెను. ఇంత జరిగినను పట్టణములోని కట్టడములు చాలవరకు నిలిచినవి. పదునేడవ శతాబ్ది ఆదికి చెందిన యూదుల ప్రార్థనామందిరము బాగుచేయబడి 2011లో మరల తెరువబడినది. గోడలపై పాత అలంకారములు తళతళలాడుచున్నవి. ప్రార్థన చేయువారి సంతతి మాత్రము ఆ ఊరిలో లేదు.

జామోష్చ్‌లో ఊరు నిలిచినది, ఊరివారిలో పెక్కురు పోయిరి. గోదావరి ముంపు మండలములలో ఊరివారు నిలిచి, ఊరు పోవుచున్నది. ఈ రెండును ఒకటి కావు. అచ్చటిది ద్వేషముతో తలపెట్టిన సంహారము. ఇచ్చటిది ప్రజాప్రయోజనము నుద్దేశించి ప్రభుత్వము చేపట్టిన నిర్మాణము. కాని రెంటిని ప్రక్క ప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము తేటపడును. గోడలు జనమునకు బదులు కాజాలవు. అట్లే క్రొత్త గోడలు పాత ఊరికి తమంతట తాము బదులు కాజాలవు.

ప్రణాళికతో నగరము కట్టుట తెలుగుదేశమునకు క్రొత్త కాదు. ఓరుగల్లు కోటలో స్వయంభూ దేవాలయమునకు నాలుగు దిక్కుల నిలిచిన కీర్తితోరణములు కాకతీయుల దృష్టికి సాక్ష్యములు. 1591లో చార్మినారును నడుమ నుంచి నలుదెసలకు బాటలు తీసిన హైదరాబాదు మరియొక ఉదాహరణము. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగిన అమరావతి, కృష్ణాతీరపు ప్రాచీన బౌద్ధ క్షేత్రము పేరునే ధరించినది. క్రొత్త నగరమునకు సైతము పాత స్మృతి ఊతమై యుండవలెనని దీనివలన తెలియును.

భద్రాచలము ఇట్లు పుట్టినది కాదు. పదునేడవ శతాబ్దిలో నేలకొండపల్లి వాడైన కంచెర్ల గోపన్న తహసీలుదారుగా నుండి గుట్టపై రామాలయము కట్టించుట, రాజధనము వెచ్చించెనను నేరముపై తానీషా కాలమున గోలకొండ చెరలో నుండుట తెలుగు పిల్లలందరు ఎరిగిన కథయే. ఆ గుడి నీడన ఊరు పెరిగినది. దాని చుట్టును, శబరి గోదావరిలో కలియు కూనవరము మొదలు పాపికొండల వరకు, కోయల గూడెములు, కొండరెడ్ల గూడెములు అడవిని, ఏటిని ఆనుకొని వెలసినవి. వీనికి పటము లేదు. ముత్యాలమ్మ గద్దె, చింతచెట్టు, బావి, పొలిమేర రాయి - ఇవియే వాని పటము.

ఆ సీమ జనము కదలకున్నను, వారిపై గీచిన గీతలు పలుమార్లు కదలినవి. తూర్పు గోదావరి జిల్లాలో నుండిన భద్రాచలము ప్రాంతము 1959లో ఖమ్మం జిల్లాలో చేరినది. 2014లో రాష్ట్ర విభజన వెంటనే, పోలవరము ముంపును పురస్కరించుకొని, ఏడు మండలముల గ్రామములు - కొన్ని మండలములు పూర్తిగా, కొన్ని పాక్షికముగా - ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయినవి. ఆ మే నెలలో ఆర్డినెన్సు వెలువడగా, జూలైలో పార్లమెంటు చట్టము చేసినది. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణలో నిలిచి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైనది. రాముడు ఒక రాష్ట్రమున, పురుషోత్తపట్నములోని ఆయన మాన్యములు వేరొక రాష్ట్రమున నుండుట ఈ గీతల ఫలితమే. పట్టణమును అంటియున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచ్చుకలపాడు పంచాయతీలను మరల తెలంగాణలో కలుపవలెనను కోరిక అప్పటినుండి వినబడుచునే యున్నది.

పోలవరము ప్రయోజనములను తక్కువ చేయుట న్యాయము కాదు. సాగునీరు, విశాఖపట్నమునకు తాగునీరు, 960 మెగావాట్ల జలవిద్యుత్తు దాని లక్ష్యములు. ఏటియొడ్డు పల్లెల బ్రతుకు సుఖమయమని కూడ భ్రమపడరాదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు లేచినది. 2022 జూలైలో 71.3 అడుగులను తాకినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఎగురవేయబడునన్నచో ఆ నీటి భయంకరత ఊహింపవచ్చును. ఆ దినములలో ముంపు పల్లెల వారు గుట్టలెక్కి పట్టాల క్రింద తలదాచుకొనిరి. మెరకనున్న పక్కాయిల్లు, తారు రోడ్డు, ఆసుపత్రి వారికి అవసరములే.

అయినను నిర్వాసితులు లక్షకు పైగా కుటుంబములు. వారిలో పెక్కురు గిరిజనులు. వీరిని ఎట్లు నిలుపవలెనో 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము చెప్పియే యున్నది. ఆ చట్టపు నిబంధనలను ప్రతి ఉపాధ్యాయుడు ఒక్కసారి చదువదగును. షెడ్యూల్డు తెగల కుటుంబములను సాధ్యమైనంతవరకు అదే షెడ్యూల్డు ప్రాంతమున, ఒకే చోట గుంపుగా, వారి జాతి, భాష, సంస్కృతులు చెదరకుండునట్లు నిలుపవలెనని అందున్నది. అడవి ఫలసాయముపై హక్కు వీలైనచోట కల్పింపవలెను. ఆయా కులముల, తెగల ఆచారములను బట్టి శ్మశానము చూపవలెను. ప్రతి ఏబది కుటుంబములకు ప్రార్థనా స్థలము, జనము కూర్చుండుటకు చెట్టు క్రింది అరుగు ఉండవలెను. చట్టములు వ్రాయువారు రచ్చబండను మరువకపోవుట విశేషము. ఊరనగా ఇండ్ల మొత్తము కాదని శాసనమే ఒప్పుకొన్నది.

మరి కాలనీలలో లోటు ఎచ్చట? ప్రధానముగా బ్రతుకుతెరువున. గూడెములోని కుటుంబమునకు పొలము ఒక్కటియే ఆదాయము కాదు. వేసవి తొలి దినములలో ఇప్పపువ్వు, తరువాత తునికాకు, చింతపండు, వెదురు, ఏటి చేప - ఏడాది పొడవునా అడవియు, ఏరును చెరికొంత ఇచ్చుచుండును. వీనికి పట్టా లేదు. పట్టా లేనిదానికి పరిహారపు లెక్కలో గడి దొరకుట కష్టము. అడవికి దూరముగా వరుస యిండ్లలో చేరినవానికి గోడ దక్కును, నెలవారీ ఖర్చు పెరుగును, పని మాత్రము వెదకికొనవలసియుండును.

ఇదే సీమలోని మరియొక అనుభవము ఈ మాటను బలపరచును. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు త్రవ్వకము మొదలైనది. సింగరేణి సంస్థ వృద్ధితో కొత్తగూడెములో కార్మిక వాడలు వరుసలు వరుసలుగా వెలసినవి. అవియు ఇంజనీర్లు గీచిన ఊళ్లే. కాని పని పిలువగా జనము వచ్చినది. జీతము నిలుపగా నిలిచినది. కొన్ని తరములలో ఆ వాడలకు తమ పాటలు, తమ పోరాటములు, తమ పండుగలు ఏర్పడినవి. జామోష్చ్‌కు వర్తక మార్గము ఎట్లో, కొత్తగూడెమునకు బొగ్గు అట్లు. పునరావాస కాలనీకి అట్టి ఆధారమేదో తేల్చుట ఇండ్ల నిర్మాణమునకు ముందు జరుగవలసిన పని. చట్టము చెప్పిన భూమికి భూమి సకాలమున, సాగుకు తగినదిగా దక్కినచోట ఊరు వేరు పట్టును. దక్కనిచోట యువకులు వలసపోవుదురు, వృద్ధులు అరుగులపై మిగులుదురు.

రెండవ లోటు స్మృతికి సంబంధించినది. దీనిని ధనముతో పూడ్చుట అసాధ్యము. శ్రద్ధతో కొంత పూడ్చవచ్చును. 1944లో నాజీలు నేలమట్టము చేసిన వార్సా పాత పట్టణమును యుద్ధానంతరము పోలెండు ప్రజలు తిరిగి కట్టుకొనిరి. అందులకు తోడ్పడినవి పదునెనిమిదవ శతాబ్ది చిత్రకారుడు బెల్లొట్టో వేసిన వీధుల చిత్రములు, వార్సా సాంకేతిక విద్యాలయపు వాస్తు శాఖవారు ముందుగా కొలిచి గీచి, యుద్ధకాలమున దాచి కాపాడిన పటములు. ఒజ్జలు, విద్యార్థులు తమ ఊరిని కొలిచి యుంచిన కాగితములు ఒక రాజధానిని మరల నిలిపినవి. 1980లో యునెస్కో ఆ పునర్నిర్మాణమునే వారసత్వముగా గౌరవించినది.

మునుగు పల్లెను వార్సావలె తిరిగి కట్టుట వీలుకాదు. కాని అది ఎట్లుండెనో చెప్పు పటము ఉండవచ్చును. కూనవరము, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మండలముల నుండి కదలిన పిల్లలు చదువు బడులలో ఈ పని సులభసాధ్యము. పాత ఊరిలో ఏ ఇల్లు ఎవరి ప్రక్కన నుండెను, బావికి దారి ఏది, చేనులకు, వాగులకు, గుట్టలకు పేర్లేమి, భూమి పండుగ ఏ చెట్టు క్రింద జరిగెను - అను ప్రశ్నలు పిల్లలు తమ తాతలను, అవ్వలను అడిగి వ్రాసికొనవచ్చును. కోయమాటలో నున్న పేర్లను కోయమాటలోనే వ్రాయవలెను. తెలుగు చేసినచో అర్థము మిగిలినను ఊరు మిగులదు. ఒక తరము గడచినచో ఈ ప్రశ్నలకు జవాబు చెప్పువారు ఉండరు.

ఇట్టి సేకరణము విలాసము కాదు. కాలనీ వీధులకు అంకెలకు మారుగా పాత వాడల పేర్లు పెట్టుటకు, ఇరుగుపొరుగులను విడదీయక ఇండ్లు కేటాయించుటకు, గ్రామదేవత గద్దెకు తగిన దిక్కున చోటు విడుచుటకు అది అధికారుల చేతికి ఆధారమగును. అడవిపై అనుభవించిన హక్కులను నిరూపించుకొనునప్పుడు నిర్వాసితులకు సాక్ష్యమగును. జామోయ్‌స్కీ పటము గీయునాటికి ఆ చౌకములో ఎవ్వరును లేరు. అతడు ఎవరి జ్ఞాపకమును చెరుపవలసిన అవసరము కలుగలేదు. గోదావరి తీరమున పటము గీయువారి యెదుట ఊరివారు నిలిచియున్నారు. గీత గీయుటకు ముందు వారిని అడుగుట వీలైన పని. ఇంకను కదలవలసిన పల్లెల విషయమున ఆ అవకాశము నేటికిని చేజారలేదు.