టర్బో బండ్లు – తోలువారి బాధ్యత

మన యడవులదీవి ప్రాంతమున నెడ్లబండ్లు తిరిగిన బాటలమీద నేడు కార్లు, జీపులు తిరుగుచున్నవి. వీనిలో క్రొత్త డీజిలు బండ్లకు దాదాపన్నిటికిని, పెట్రోలు బండ్లలో కొన్నిటికిని టర్బోచార్జరు అమర్చబడి యుండును. "టర్బో బండి కొన్నవాడు మెకానిక్కు చేత చిక్కినట్లే" యని కొందరనుచుండగా వినుచున్నాము. ఈ మాటతో మేమేకీభవింపజాలము. దోషము యంత్రమునకంటె నడుపువాని యలవాటులయందే హెచ్చుగా నున్నది.

కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో, యింజనుకు టర్బో యట్టిది. పొగగొట్టమున వృథాగా పోవు వేడి వాయువు ఒక చక్రమును త్రిప్పును. అదే యిరుసు రెండవ కొననున్న చక్రము గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. అందుచేత చిన్న యింజను పెద్దదాని బలము నిచ్చును. స్విట్జర్లండు దేశపు ఇంజనీరగు ఆల్ఫ్రెడ్ బూఖి 1905లో దీనికి పేటెంటు పొందెను. ఈ యిరుసు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగగలదు. దానికి ఆధారము పలుచని ఆయిలు పొర మాత్రమే. కావున ఆయిలే టర్బోకు ప్రాణము.

ఇంజను తిప్పినంతనే యాక్సిలేటరు త్రొక్కరాదు. అరనిమిషము ఆగి, పిమ్మట కొంతదూరము నెమ్మదిగా పోవలెను. బరువుతో వేగముగా వచ్చిన బండిని తటాలున నాపరాదు. ఆపిన యెడల ఆయిలు ప్రవాహము నిలిచిపోయి, కాగిన బేరింగులలో మిగిలినది మాడి మసి యగును. దుక్కినుండి వచ్చిన యెడ్లను సేదదీర్చినట్లే, ఇంజనును ఒకటి రెండు నిమిషములు ఊరక తిరుగనియ్యవలెను. ఊరిలో చివరి మైలు మెల్లగా వచ్చినను చాలును. పెద్ద గేరులో బండి యీడ్వలేక మూల్గుచుండగా యాక్సిలేటరు నదుముటయు కూడదు, గేరు తగ్గింపవలెను.

ఇంత డీజిలు వ్యర్థము గదా యని కొందరడుగవచ్చును. ఒక నిమిషమునకు కాలునది రెండు మూడు చెంచాలకు మించదు. టర్బో మార్చవలసి వచ్చిన వ్యయమో, వేలకు వేలు!

కంపెనీవారి పుస్తకములో చెప్పిన రకపు ఆయిలునే, చెప్పిన గడువులోపల, ఫిల్టరుతో సహా మార్చవలెను. చవుక ఆయిలు చవుక విత్తనము వంటిది. నష్టము పంటనాడు గాని తెలియదు. కోతలు, నూర్పిళ్ల కాలమున పొట్టు, ధూళి యెక్కువ గావున ఎయిర్ ఫిల్టరును తరచుగా చూడవలెను. గట్టి ఒత్తిడి గాలితో ఊదిన కాగితము చినుగును. చినిగిన సందున దూరిన యిసుక రేణువు చక్రపు రెక్కలను కొరికివేయును. సముద్రపుగాలి, చెరువుల ఉప్పునీరు తగులు బండ్లకు గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరును మంచినీటితో మెల్లగా కడుగుట మేలు. క్రొత్తగా ఈల వంటి ధ్వని వచ్చినను, నీలిపొగ వెడలినను, బలము తగ్గినను ఆలస్యము చేయక చూపింపవలెను.

బండి షెడ్డులో నున్నంత మాత్రమున అప్పు వాయిదా ఆగదు. కావున వాహనమునకు ఋణమిచ్చునపుడు సంఘమువారు దానిని నడుపువానికి ఒక పూట శిక్షణ యిప్పించుట యుక్తమని మా యభిప్రాయము. ఆయిలు మార్చిన తేది, కిలోమీటర్లు వ్రాయుటకు ప్రతి బండిలో నొక చిన్న పుస్తకముండవలెను. యజమానులును జీతగాని తొందరపెట్టక, ఆ రెండు నిమిషముల ఓపిక వానికి నేర్పుదురుగాక.