సొమ్ము ముట్టాకే సరుకు గడప దాటాలి

గత ఏడాది మార్కండేయ మహాముని రథోత్సవం ముగిసిన కొన్నాళ్లకు, షోలాపూర్ తూర్పు భాగంలోని మా నేతపేట నుంచి ఒక పెద్దమ్మ నా కార్యాలయానికి వచ్చింది. అరవై దాటిన మనిషి. భర్త సాంచెల మీద నలభై ఏళ్లు పనిచేసి, నడుము వంగి ఇంటికి చేరినవాడు. ఆమె బీడీలు చుడుతుంది. కోడలు చద్దర్ల ఫొటోలు ఫోనులో పెట్టి నేరుగా కొనుగోలుదారులకు అమ్ముతుంది. పుణె నుంచి ఒకడు బేరం కుదుర్చుకొని, “పార్సిలు ఎందుకు, నేనే కారులో వచ్చి తీసుకుపోతాను” అన్నాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. ఆ సమయానికి కోడలు ఇంట్లో లేదు. ముప్పై రెండు చద్దర్లు కారులోకి ఎక్కించుకొని, గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ ముందు ఫోను పెట్టి, తెరను పెద్దమ్మకు చూపించి వెళ్లిపోయాడు. ఆ 19,200 రూపాయలు నేటికీ రాలేదు.

“నా కండ్లతోని చూసిన బిడ్డా. ఆని ఫోన్ల ఆకుపచ్చ గుర్తొచ్చింది. టింగుమని సప్పుడు గూడ అయింది. ఇగ పైసలు రాలేదంటె ఎట్ల నమ్మాలె?” అని ఆమె నన్నే అడిగింది.

పది రోజులు ఎందుకు ఆగావు పెద్దమ్మా అని అడిగాను. “ఠాణాల మరాఠీల అడుగుతరు. నా నోట ఒక మాటకు ఒక మాటొస్తె నన్నే తప్పు వడుతరేమో అనుకున్న. కొడుక్కు జెప్తె కోడల్ని తిడుతడు” అంది.

ఆ రెండు జవాబులే ఈ వ్యాసం రాయించాయి. మొదటిది మోసం ఎలా జరిగిందో చెబుతున్నది. రెండవది, మోసపోయిన తర్వాత కూడా మనవాళ్లు ఎందుకు నోరు విప్పరో చెబుతున్నది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది భాష.

దళారి చేతుల్లోంచి తప్పించుకొని నేతగాని ఇంటి ఆడపడుచు తన సరుకు తానే అమ్ముకోవడం మంచి పరిణామం. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూర్ చద్దరుకు దేశమంతటా గిరాకీ ఉంది. కనుక భయపడి ఫోను మూసేయమని నేను చెప్పను. అయితే బేరం ఫోనులో జరిగి, సరుకు గుమ్మం దగ్గర చేతులు మారే ఈ కొత్త పద్ధతిలో, డబ్బు నిజంగా ముట్టిందని తెలుసుకోవడం ఎలాగో మన ఇళ్లలో మన మాటల్లో చెప్పుకోవలసిన అవసరం వచ్చింది.

చట్టం ఎవరి పక్షం?

ముందుగా ఒక ధైర్యం. “పెద్ద బేరగాడు, నమ్మకపోతే నొచ్చుకుంటాడు” అనే మొహమాటం మనవారికి ఎక్కువ. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 32వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు సరుకు ఇవ్వడం, డబ్బు ఇవ్వడం ఏకకాలంలో జరగవలసిన పనులు. వెల పూర్తిగా అందేవరకు సరుకును తన దగ్గరే ఉంచుకొనే హక్కు అమ్మినవారికి అదే చట్టం 47వ సెక్షను ఇచ్చింది. కాబట్టి “పైసలు జమైనట్టు కోడలు చూసి చెప్పేదాకా కూచోండి, చాయ తాగండి” అనడం అమర్యాద కాదు, హక్కు. నిజమైన కొనుగోలుదారుడు ఆ అయిదు నిమిషాలు ఆగుతాడు. ఆగలేనివాడి తొందరే మనకు హెచ్చరిక.

ఏ పద్ధతి ఎంత భద్రం?

నగదు నేటికీ మంచిదే. చిన్న మొత్తమైతే వెలుతురులో, మరొకరి సమక్షంలో లెక్కించి, అయిదు వందల నోట్లను ఒక్కొక్కటిగా చూసి తీసుకోవచ్చు. కానీ ఒక మనిషి నుంచి ఒక రోజులో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. టోకు బేరాలు చేసే కార్ఖానాదారులు దీన్ని మరువరాదు.

యూపీఐ 2016లో వచ్చింది. కూరగాయల బండి దాకా అదే నడుస్తున్నది. పద్ధతిలో లోపం లేదు. మోసమంతా దాని చుట్టూ అల్లుకున్నది. పెద్దమ్మకు చూపించినది అసలు చెల్లింపు కాదు. చెల్లింపు జరిగినట్టు ఆకుపచ్చ గుర్తు, చప్పుడు, పేరు, మొత్తం అన్నీ చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. అందువల్ల కొనేవాడి తెర ఏనాటికీ సాక్ష్యం కాదు. వాడు పంపే ఫొటో సాక్ష్యం కాదు. “మీ ఖాతాలో జమైంది” అంటూ ఏదో నంబరు నుంచి వచ్చే సందేశం కూడా సాక్ష్యం కాదు. మన ఖాతాను మన ఫోనులో మనం తెరిచి చూస్తే కనిపించే జమ ఒక్కటే సాక్ష్యం. అంగడి ఉన్నవారు డబ్బు జమ కాగానే పలికే స్పీకరు పెట్టె పెట్టుకోవచ్చు. అవి తెలుగులోనూ పలుకుతాయి. గోడమీది క్యూఆర్ కోడ్‌పై ఎవరైనా తమ కోడ్ అంటించారేమో పొద్దున్నే ఒకసారి చూసుకోవాలి.

రెండవ మోసం ఇంకా కుటిలమైనది. “నేను సైన్యంలో ఉన్నాను, మా మనిషి వచ్చి సరుకు తీసుకుంటాడు, ముందుగా డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ వేయండి” అంటారు. వేసినవారి ఖాతా ఖాళీ అవుతుంది. క్యూఆర్ స్కాన్ చేసేది డబ్బు పంపడానికే. పిన్ వేసేది పంపడానికే. 2025 అక్టోబరులో చిన్న చెల్లింపులకు వేలిముద్ర, ముఖం గుర్తింపు కూడా వచ్చాయి. అవీ పంపడానికే. డబ్బు రావడానికి మనం ఏమీ నొక్కనక్కరలేదు. 2025 అక్టోబరు 1 నుంచి వ్యక్తుల మధ్య డబ్బు కోరుతూ పంపే ‘కలెక్ట్’ అభ్యర్థనలను జాతీయ చెల్లింపుల సంస్థ ఆపివేయించింది. ఒక తలుపు మూసుకుంది గానీ క్యూఆర్ తలుపు తెరిచే ఉంది.

మూడవది, “పొరపాటున 2,000కు బదులు 20,000 పంపాను, మిగతాది తిరిగి పంపండి” అనే ఏడుపు. మన ఖాతా చూస్తే ఏమీ రాదు. ఒకవేళ నిజంగానే వస్తే, మనంతట మనం ఎవరికీ పంపకుండా బ్యాంకుకు లిఖితంగా తెలపాలి. ఆ సొమ్ము మరొకరి నుంచి దొంగిలించినది కావచ్చు. అలాంటి సొమ్ము చేరిన ఖాతాలను పోలీసు విచారణలో స్తంభింపజేస్తారు. అందుకే కొనేవాడి పేరు, చెల్లించిన ఖాతా పేరు ఒకటేనా అని చూడాలి. బిల్లు రాసి, పేరు, ఫోను నంబరు, బండి నంబరు దానిపై వేసి దాచాలి. రేపు నిజాయితీని నిరూపించేది ఆ చిత్తు కాగితమే.

పెద్ద మొత్తాలకు ఐఎంపీఎస్, నెఫ్ట్, ఆర్టీజీఎస్ ఉన్నాయి. ఇవి ఇప్పుడు రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ పనిచేస్తాయి. ముందుగా ఒక్క రూపాయి పంపమని, అది చేరాక మిగతాది పంపమని అడగండి. చెక్కు తీసుకుంటే అది చెల్లి డబ్బు జమయ్యేవరకు సరుకు కదలరాదు. చెక్కు తిరిగివస్తే 138వ సెక్షను ఉన్నమాట నిజమే. బ్యాంకు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, ఆపై చెల్లింపుకు 15 రోజులు, అది దాటాక నెలలోపు కోర్టులో ఫిర్యాదు అని లెక్క. ముప్పై చద్దర్ల కోసం కోర్టు మెట్లు ఎక్కిన నేతకారుణ్ణి కూలి పోగొట్టుకోకుండా నేను చూడలేదు.

మనమే కొనేవాళ్లమైనప్పుడు సూత్రం తిరగబడుతుంది. పాత ఫోను, కుట్టు మిషను, మోటారు ఏదైనా కళ్లతో చూసి, నడిపి చూసి, చేతికి తీసుకొనే వేళకే డబ్బివ్వాలి. “బయానా పంపితేనే మీకు ఉంచుతాను” అన్నవాడి మాట వినరాదు.

జరిగిపోతే ఏం చేయాలి?

ఇక్కడ చాలామంది ఒక తేడా గమనించరు. పిన్ వేయించి మన డబ్బు లాగేస్తే, ఆ క్షణమే 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము చేతులు మారకముందే మధ్యలో ఆపించే ఏర్పాటు అది. ప్రతి నిమిషమూ విలువైనదే. బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిన సొమ్ములో, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదేనన్నది 2017 జులైలో రిజర్వు బ్యాంకు పెట్టిన సూత్రం. కానీ పెద్దమ్మకు జరిగినట్టు నకిలీ తెర చూపి సరుకు ఎత్తుకుపోతే, ఆపడానికి సొమ్మేదీ కదలలేదు. అది అచ్చంగా మోసం చేసి వస్తువు కాజేయడం, భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింది నేరం. వెళ్లవలసింది పోలీసు ఠాణాకు. కావలసింది బండి నంబరు, ఫోను సంభాషణలు, వీధి కెమెరా దృశ్యాలు. ఆ దృశ్యాలు ఎక్కువ రోజులు నిలవవు. పది రోజుల మౌనం వల్ల మా పెద్దమ్మ కేసులో పోయినది సరిగ్గా అదే.

ఆమె ఠాణాకు ఎందుకు పోలేదో మళ్లీ గుర్తు చేసుకోండి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకొని, చెప్పినవారికి చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. చదివి వినిపించాలని చట్టం ఎందుకన్నది? చెప్పినది చెప్పినట్టే రాశారో లేదో ఆ మనిషికి తెలియడానికే కదా! అర్థం కాని భాషలో చదివితే అది వినిపించడం అవుతుందా? ఏ అధికారికైనా, దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం చేసుకొనే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి మనిషికీ ఇచ్చింది. పెద్దమ్మ తెలుగు రాజ్యాంగం దృష్టిలో తప్పు భాష కాదు.

మన అడుగులు, మన అడుగుడు

మహారాష్ట్రలో బ్యాంకు బోర్డు మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటుంది. దానిమీద మనకు తగవు లేదు. మన పిల్లలు మరాఠీలో చదివి పైకొస్తున్నారు. మరాఠీ మనకు పెరటి భాష కాదు, బతుకు భాష. కానీ ఇంట్లో ఒంటరిగా ఉండి, గుమ్మం దగ్గర సరుకు అప్పగించేది పిల్లలు కాదు, వాళ్ల నాయనమ్మ. భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉన్న జిల్లాల్లో, పట్టణాల్లో, తాలూకాల్లో ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోనూ వెలువరించడం మేలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రమే చెప్పింది. సొమ్ము భద్రత కంటే ముఖ్యమైన ప్రకటన ఏముంటుంది? నేతపేటల్లోని బ్యాంకు శాఖలు, ఠాణాలు ఈ జాగ్రత్తలను మరాఠీ పక్కన తెలుగులోనూ రాసి పెట్టాలి, చదవలేనివారికి వినిపించాలి. తెలుగు మాట్లాడగలిగీ తెలుగు లిపి రాని తరం మనలో పెరిగింది గనుక ఈ వినిపించడం మరీ అవసరం. వెలితి అంతటా ఒకేలా లేదు. బ్యాంకులపై ఫిర్యాదుల కోసం రిజర్వు బ్యాంకు నడుపుతున్న 14448 నంబరులో తెలుగు ఉంది. అక్కడ వీలైనది పేటలోని శాఖలో వీలుకాదా?

అధికారులు చేసేదాకా ఆగనక్కరలేదు. చెల్లింపుల యాప్‌లలో తెలుగు ఉంది. ఈ రాత్రే ఇంట్లో పెద్దల ఫోనును తెలుగులోకి మార్చండి. తెలుగు లిపి రానివారికి మరాఠీలోకి మార్చండి. సంఘ సమావేశాల్లో, భజన మండళ్లలో, బీడీల బట్టీ దగ్గర ఒక్క మాట చెప్పండి: “వచ్చే పైసలకు పిన్ ఉండదు. మన ఫోను చెప్పందే పైసలు వచ్చినట్టు కాదు.” ఇంకొక మాట కొడుకులకు చెప్పండి. మోసపోయిన తల్లినీ, భార్యనూ తిట్టే ఇంట్లో మోసం పది రోజులు దాగుతుంది. దొంగకు కావలసింది ఆ పది రోజులే.

పెద్దమ్మ ఫిర్యాదును నేను తెలుగులో రాసి, మరాఠీ అనువాదం జతపరచి ఠాణాలో ఇచ్చాను. రెండింటి కిందా ఆమె సంతకమే ఉంది. చద్దర్లు దొరుకుతాయో లేదో చెప్పలేను. తెలుగు కాగితాన్ని మాత్రం ఆమె మనుమరాలు ఆమెకు రెండుసార్లు చదివి వినిపించింది. “అవును, గిదే జరిగింది” అని ఆమె అన్నాకే సంతకం చేయించాను.