గాజువాకలో ఇంటి బేరము

గాజువాకలో ఇల్లు అమ్మువాడు చెప్పు ధరలో నేలకు, గోడలకే గాక వార్తలకును వెల కలిసియుండును. 2020లో విశాఖను కార్యనిర్వాహక రాజధానిగా జేయు శాసనము వచ్చెను. 2021 నవంబరులో దాని రద్దు బిల్లును శాసనసభ ఆమోదించెను. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారపు వాటాల విక్రయమునకు సూత్రప్రాయముగా అంగీకరించిన కేంద్రమే, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించెను. ఉపాధ్యాయుని జీతము ఈ వార్తల వెంట పరుగెత్తజాలదు.

కొనువాడు పొరుగిండ్ల ఇటీవలి విక్రయ దస్తావేజులలోని ధరలను విచారింపవలెను. (అవి సగము నిజమే చెప్పుట లోకమెరిగినదే.) అపార్టుమెంటైనచో తన వాటాకు వచ్చు నేల ఎన్ని గజములో అడుగవలెను. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను రుసుములు కలిసి 7.5 శాతము, 60 లక్షల ఇంటికి 4.5 లక్షలు. చేతనున్న సొమ్ములో దీనిని ముందే మినహాయించి తొలిమాట చెప్పవలెను. అమ్మువాడు దిగిరానిచో బయానా ఇయ్యక లేచివచ్చుటయే.