సెల్ఫ్ కొట్టకముందే ఆపించండి

కేంద్ర పెట్రోలియం, సహజవాయువు మంత్రిత్వ శాఖ పెద్దలకు,

డీజిల్ బండిలో పెట్రోలు పోసినంత మాత్రాన ఇంజను పాడవదు. ట్యాంకులో ఉన్నంతసేపూ దాన్ని దించేయొచ్చు, ట్యాంకు కడిగి మళ్ళీ డీజిల్ పట్టించుకోవచ్చు. సెల్ఫ్ కొట్టి, ఆ పెట్రోలు పంపులోకీ నాజిళ్ళలోకీ చేరాకే అసలు నష్టం మొదలవుతుంది. గన్ను తీయడానికీ తాళం తిప్పడానికీ మధ్య ఉండేది ఒకటి రెండు నిమిషాలు. ఆ కాస్త సమయంలో బంకువాళ్ళు ఏం చెయ్యాలో, బండివాళ్ళకు ఏం చెప్పాలో నియమంగా రాసి, ప్రతి బంకులో అందరికీ కనిపించేలా పెట్టించమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక డీజిల్ అంబాసిడర్ ఉంది. మా నాన్నగారు దాన్ని ట్యాక్సీగా తిప్పి మమ్మల్ని చదివించారు. ఆయన పోయాక అమ్మడానికి మనసొప్పలేదు. ఆ మధ్య ఒక బంకులో అందులో పెట్రోలు పోశారు. మేం డీజిల్ అనే అడిగాం. పోస్తున్న కుర్రాడికి మధ్యలోనే తెలిసింది. గబుక్కున గన్ను మార్చి, మిగతాది డీజిల్ పోసి, డబ్బు తీసుకుని పంపించేశాడు. ఊరు దాటేసరికి ఇంజను టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెనక ఒకటే పొగ. వంతెన ఎక్కలేక ఆగిపోయింది.

తాడు కట్టి ఆటోనగర్‌కు లాక్కెళ్ళాం. ట్యాంకు మూత తీయగానే మేస్త్రి వాసన పట్టేశాడు. "సెల్ఫ్ కొట్టకుండా తెచ్చుంటే ట్యాంకు కడుక్కుని, ఫిల్టరు మార్చుకుంటే పోయేది సార్" అన్నాడు.

ఆ మాటలో ఎంత నిజముందో పని మొదలయ్యాక తెలిసింది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని ఇరవయ్యో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. పెట్రోలు అలా వేడికి తనంతట తాను అంటుకోకూడదని తయారుచేసిన ఇంధనం. అందుకని అది ఆలస్యంగా, ఒక్కసారిగా భగ్గుమంటుంది. మాకు వినబడ్డ టకటకలు ఆ దెబ్బలే. అంతకన్నా పెద్ద నష్టం చప్పుడు చెయ్యకుండా జరుగుతుంది. డీజిల్‌లో ఉండే జిడ్డే పంపులోని ప్లంజర్లకూ, నాజిల్ సూదులకూ నూనె. రోటరీ పంపయితే లోపలి భాగాలన్నీ దాని మీదే ఆధారపడి తిరుగుతాయి. పెట్రోలు ఆ జిడ్డును కడిగేస్తుంది. ఇనుముకు ఇనుము రాసుకుని, రాలిన పొడి నాజిళ్ళలోకి పోతుంది. వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో పనిచేసే కామన్ రైల్ బళ్ళలో ఇది ఇంకా ప్రమాదం. పాత బళ్ళు తట్టుకుంటాయని కొందరంటారు. గడ్డకట్టే చలిలో డీజిల్ మైనంలా పేరుకోకుండా కాస్త పెట్రోలు కలుపుకోవచ్చని ఐరోపాలో ఒకప్పుడు తయారీదారులే చెప్పిన మాట నిజమే. కానీ అప్పటికి ఆ ఇంజన్లు కొత్తవి. ఏళ్ళ తరబడి అరిగిన పంపుకు ఆ ధీమా పనికిరాదు. పైగా ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు సీళ్ళు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

మేస్త్రి నాలుగు నాజిళ్ళూ ఊడదీసి టెస్టరు మీద పెడితే రెండు సన్నని తుంపరగా చిమ్మకుండా ధారగా కారాయి. పంపును విడిగా పంపు షాపులో విప్పించి, సీళ్ళు మార్పించి, కాలిబ్రేషన్ చేయించాల్సి వచ్చింది. పైపులన్నిటికీ గాలి కొట్టించి, కొత్త ఫిల్టరు వేసి, లైనులో చేరిన గాలి పూర్తిగా తీసేదాకా ఇంజను పలకలేదు. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండరు గోడల వెంట దిగి ఇంజనాయిల్‌లో కలుస్తుంది గనక అదీ మార్చాం. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఒక్కో సామాను కోసం పాత ఇనుము దుకాణాలన్నీ వెతికాం. ఇంత పాత బళ్ళకు సాధారణంగా ఉండేది థర్డ్ పార్టీ బీమా ఒక్కటే, దానికీ ఈ నష్టానికీ సంబంధం లేదు. అదే కారు నడుపుకుని బతికే మనిషిదయితే ఆ ఇల్లు ఎలా గడిచేదో ఊహించండి.

బండిని చూసి ఇంధనం పోల్చుకోవడం కుదిరే పని కాదు. అంబాసిడర్, ఇండికా, స్విఫ్ట్ రెండు రకాలుగానూ వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అమల్లోకి వచ్చాక మారుతి డీజిల్ కార్లు చేయడం మానేసింది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడికి చిన్న కారంటే పెట్రోలు కారే. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బళ్ళకు అద్దం మీద రంగు స్టిక్కరు పెట్టారు, పెట్రోలుకు లేత నీలం, డీజిల్‌కు నారింజ. మంచి పనే, కాదనను. అయితే అది ముందు అద్దం మీద ఉంటుంది, కారుకు పోసేవాడు నిలబడేది వెనక. పాత బళ్ళలో చాలావాటికి అదీ లేదు. ఐరోపాలో 2018 నుంచి గన్ను దగ్గరా, కొత్త బండి ట్యాంకు మూత దగ్గరా ఒకే గుర్తు వేస్తున్నారు, పెట్రోలుకు గుండ్రం, డీజిల్‌కు చదరం. చదువు రానివాళ్ళకీ, రంగుల తేడా కనబడనివాళ్ళకీ కూడా తెలుస్తుంది. రవాణా శాఖవారితో మాట్లాడి అలాంటి గుర్తులు అచ్చువేయించి, పాత బళ్ళకు బంకుల్లోనే ఉచితంగా అంటించే ఏర్పాటు చెయ్యండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. తర్వాత వెళ్ళి అడిగితే, ఇలాంటి తప్పు బయటపడితే డబ్బు జీతంలో కోస్తారని నెమ్మదిగా చెప్పాడు. నోరు విప్పితే నెల గడవదన్న భయం ఉన్నవాడు నిజం ఎలా చెబుతాడు? తప్పు పోసిన వెంటనే చెప్పినవాడి జీతం కోయకూడదని మీరు నియమం పెట్టండి. ఆ ఒక్క భరోసా ఉంటే వాడే పరుగెత్తుకొచ్చి తాళం చేతిలోంచి తీసుకుంటాడు. ఎన్ని స్టిక్కర్లు అంటించినా అంత పని చెయ్యవు.

దించడం కూడా బంకు పూచీ మీదే జరగాలి. రోడ్డు పక్కన పైపు పెట్టి నోటితో పీల్చి తీసేవాళ్ళను చూశాను, పక్కనే ఎవరో బీడీ వెలిగిస్తూ ఉంటారు. డీజిల్‌లో కొద్దిపాటి పెట్రోలు కలిసినా దాని ఆవిరి పెట్రోలులాగే అంటుకుంటుంది. చేతి పంపు ఒకటి, మూత ఉన్న డబ్బాలు రెండు, శిక్షణ ఉన్న మనిషి, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఏ ఇంధనం ఎంత పోశారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్ళే హక్కు మాకుంది. చేతిలో కాగితం లేకపోతే అక్కడ మేం చూపించేది ఏమిటి?

బంకులో కొలత మీద అనుమానం వస్తే అయిదు లీటర్ల పాత్ర అడిగి సరిచూసుకోవచ్చు. కల్తీ అనుమానం వస్తే ఫిల్టరు పేపరు అడగొచ్చు. ఆ హక్కుల పక్కనే ఇంకో నాలుగు వాక్యాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి: పోసే ముందు ఇంధనం పేరు పైకి చెప్పాలి. పొరపాటున వేరేది పోస్తే సెల్ఫ్ కొట్టొద్దు. బండిని తోసి పక్కన పెట్టాలి. బంకువారే తమ ఖర్చుతో ట్యాంకు ఖాళీ చేసి, రాతపూర్వకంగా కాగితం ఇవ్వాలి.

ఈ ఉత్తర్వు త్వరగా ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక పాత డీజిల్ బండి యజమాని